స్పాకా, డేటానా, ఓడోనా? స్టార్ ట్రెక్‌లో మీ మనిషిని ఎంచుకోవడం ఎలా

అంతరిక్ష నౌకల్లో తిరిగేవాళ్ల కథలు చెప్పే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌ల వరస స్టార్ ట్రెక్. దాన్ని చూద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ సిరీస్‌తో మొదలుపెట్టాలి? మొదటి ఎపిసోడ్ 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్‌లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా పదికి పైగా సిరీస్‌లు, వందల కొద్దీ ఎపిసోడ్‌లు వచ్చాయి. మొదటి నుంచీ వరసగా చూడమని చెబితే చాలామంది మధ్యలోనే ఆగిపోతారు.

మామూలుగా ఈ ఎంపిక కెప్టెన్‌లను పోల్చి చేస్తుంటారు. కర్క్ గొప్పా, పికార్డ్ గొప్పా అనే వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. ఆ పోలిక నాకెప్పుడూ పనికిరాలేదు. కెప్టెన్ నిర్ణయాలు తీసుకునే మనిషి. ఆ నిర్ణయాలు చూసి గౌరవం పెరుగుతుంది, నిజమే. కానీ తర్వాతి ఎపిసోడ్ కోసం నన్ను లాక్కొచ్చింది మాత్రం ప్రతిసారీ ఆ పక్కన నిలబడ్డ ఇంకొకరు. ఈ సిరీస్‌లు దేనిలో చూసినా మనుషుల మధ్య బతుకుతూ మనిషి కాని పాత్ర ఒకటి ఉంటుంది. ఆ సిరీస్ అసలు ఏం అడగాలనుకుంటుందో ఆ పాత్ర నోట వస్తుంది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ తీసిన మొదటి పైలట్‌ను, అంటే నమూనా ఎపిసోడ్‌ను, చానెల్ వద్దంది. రెండో పైలట్ తీసేసరికి కెప్టెన్‌తో సహా పాత్రలన్నీ మారిపోయాయి. మిగిలింది స్పాక్ ఒక్కడే. అంటే ఈ కథాప్రపంచం కెప్టెన్ లేకుండా కూడా మొదలవగలిగింది గానీ, పరాయివాడు లేకుండా మొదలవలేదు.

అందుకే నా సలహా: సిరీస్‌ను కాదు, ఆ పరాయివాణ్ణి ఎంచుకోండి. స్పాక్, డేటా, డాక్టర్, సెవెన్, ఓడో. ఈ ఐదుగురినీ పోల్చడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. మనిషి కావాలన్న కోరిక ఈ పాత్రకు ఎంత ఉంది? ఆ సంగతి తేల్చేది ఎవరు? జవాబులు ఐదుగురికీ ఐదు రకాలుగా ఉంటాయి. కథల మొదళ్లు చెబుతాను, ముగింపులు చెప్పను.

స్పాక్, డేటా: ఎదురెదురు దారులు

స్పాక్ తండ్రి సారెక్ వల్కన్. తల్లి అమాండా భూమి మీద పుట్టిన మనిషి. వల్కన్‌లు భావోద్వేగాలను తర్కంతో అదుపులో పెట్టుకునే జాతి. వాళ్ల దృష్టిలో స్పాక్ సగం మనిషి. నౌకలోని మనుషుల దృష్టిలో పూర్తి వల్కన్. రెంటికీ చెడ్డ రేవడి అయ్యే పరిస్థితిలో పుట్టి, అలా కాకుండా నిలబడ్డ పాత్ర అతనిది. అతనికి మనిషి కావాలని లేదు. తనలో ఉన్న మనిషిని దాచుకోవాలని ఉంది. ఆ దాపరికం ఎక్కడ పగులుతుందా అని చూడటమే స్పాక్‌ను చూడటంలోని ఆనందం.

దీన్ని నటుడు లెనర్డ్ నిమోయ్ ఎంత తక్కువ కదలికతో సాధించాడో గమనించండి. ఒక కనుబొమ్మ పైకి లేస్తుంది, అంతే. మెడ దగ్గర నొక్కి ఎదుటివాణ్ణి స్పృహ తప్పించే వల్కన్ పట్టు అతని ఆలోచనే. నాలుగు వేళ్లను రెండేసిగా విడదీసి చెప్పే వల్కన్ అభివాదం కూడా అతనే తెచ్చాడు. చిన్నప్పుడు యూదుల ప్రార్థనా మందిరంలో చూసిన ఆశీర్వాద ముద్రను గుర్తు చేసుకుని దాన్ని వల్కన్‌లకు ఇచ్చాడు.

స్పాక్ మీ మనిషో కాదో తేల్చుకోవడానికి మొట్టమొదటి స్టార్ ట్రెక్ సిరీస్ మొదటి సీజన్‌లో రెండు ఎపిసోడ్‌లు చాలు. "ది నేకెడ్ టైమ్"లో ఒక అంటువ్యాధి నౌకలో అందరి మనసుల్లో ఉన్నదాన్ని బయటికి తెస్తుంది. స్పాక్ ఒక గదిలో తలుపు వేసుకుని ఏడుస్తాడు. తల్లి మీద ఉన్న ప్రేమను ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేకపోయానన్నది అతని బాధ. "ది గెలీలియో సెవెన్"లో ఒక చిన్న నౌక తెలియని గ్రహం మీద కూలుతుంది. మిగిలినవాళ్ల ప్రాణాలు స్పాక్ చేతిలో ఉంటాయి. తర్కం ప్రకారం అతను చేసే ప్రతి పనీ సరైనదే. అయినా తోటివాళ్లకు అతని మీద కోపం పెరుగుతూనే ఉంటుంది. లెక్క సరిపోయినా మనుషులు ఎందుకు ఒప్పుకోరో అతనికి అర్థం కాదు. ఆఫీసులోనో ఇంట్లోనో ఇలాంటి స్థితిని అనుభవించినవాళ్లకు ఈ ఎపిసోడ్ బాగా తగులుతుంది.

ఒక ఇబ్బంది ఉంది. 1966 నుంచి 1969 వరకు వచ్చిన ఆ సిరీస్‌లోని సెట్లు, పోరాటాలు, ఆడవాళ్ల పాత్రల తీరు ఇవాళ పాతగా కనిపిస్తాయి. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్‌లు. మూడో సీజన్ మొదటి రెండింటి స్థాయిలో లేదు. పాత కాలపు నాటకీయతను ఇష్టంగా చూడగలిగితేనే దీనితో మొదలుపెట్టండి. నటన, దృశ్యాలు ఇప్పటి పద్ధతిలో కావాలంటే 2022లో మొదలైన "స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్"లో యువకుడైన స్పాక్ ఉన్నాడు. ఈథన్ పెక్ బాగా చేశాడు. కానీ నిమోయ్ మౌనంలో ఉన్న బరువు వేరు.

డేటాది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1987 నుంచి 1994 వరకు వచ్చిన "ది నెక్స్ట్ జనరేషన్"లో బ్రెంట్ స్పైనర్ చేసిన ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలో ఉన్న యంత్రం, పాత్ర ఇది. డేటాకు భావోద్వేగాలు లేవు, కావాలని ఉంది. వయొలిన్ వాయిస్తాడు, బొమ్మలు వేస్తాడు, జోకులు నేర్చుకోవాలని చూస్తాడు, స్పాట్ అనే పిల్లిని పెంచుకుంటాడు. స్పాక్ దాచుకున్నదాన్ని డేటా వెతుక్కుంటున్నాడు. ఈ తేడాను రచయితలే ఒకసారి తెర మీదికి తెచ్చారు. 1991లో వచ్చిన "యూనిఫికేషన్" రెండో భాగంలో ముసలివాడైన స్పాక్, డేటా పక్కపక్కన పనిచేస్తూ మాట్లాడుకుంటారు. నేను జీవితమంతా కోరుకుంటున్నదాన్ని మీరు వదిలేశారు కదా అన్నట్టుగా డేటా అడుగుతాడు. ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గాలో తెలియకపోతే ఆ నాలుగు మాటలు వినండి. ఎవరి మాట మీకు దగ్గరగా అనిపిస్తుందో అక్కడే తెలుస్తుంది.

డేటా గురించి ఒక్క ఎపిసోడే చూడగలిగితే రెండో సీజన్‌లోని "ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" చూడండి. మెలిండా స్నోడ్‌గ్రాస్ రాసింది, 1989లో వచ్చింది. డేటాలాంటి యంత్రాలను మరిన్ని తయారు చేయాలని ఒక శాస్త్రవేత్త అతన్ని విప్పి పరిశీలించడానికి వస్తాడు. డేటా ఒప్పుకోడు, ఉద్యోగానికి రాజీనామా చేస్తానంటాడు. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. రాజీనామా చేసే హక్కు అతనికి ఉందా? అతను ఉద్యోగియా, లేక ఈ నౌకల్ని నడిపే సంస్థ స్టార్‌ఫ్లీట్ సామానా? విచారణ జరుగుతుంది. డేటా తరఫున కెప్టెన్ పికార్డ్ వాదిస్తాడు. ఎదురు వాదన మాత్రం డేటా స్నేహితుడు రైకర్ చెయ్యాలి. మనసు పెట్టి వాదించకపోతే డేటా సామానేనని అక్కడికక్కడే తీర్పు వస్తుంది. అందుకని రైకర్ తన శక్తి మేరకు వాదిస్తాడు. వాదన మధ్యలో లేచి వచ్చి డేటా వెనక ఉన్న స్విచ్ ఆపేస్తాడు. డేటా ముందుకు వాలిపోతాడు. అంతకంటే బలమైన సాక్ష్యం ఇంకొకటి లేదు. అది చూపించిన రైకర్ ముఖంలో గెలుపు లేదు.

ఈ సిరీస్‌ను నేను మొదటి సీజన్‌తో మొదలుపెట్టి, కొన్ని ఎపిసోడ్‌లకే ఆపేశాను. కథలు తడబడుతున్నాయి, పాత్రలు ఇంకా కుదురుకోలేదు. చాలా కాలం తర్వాత ఎవరో ఈ ఒక్క ఎపిసోడ్ చూడమంటే చూశాను. ఆ రాత్రే తర్వాతివి కూడా పెట్టుకున్నాను. కాబట్టి మొదటి సీజన్ వదిలేసినా తప్పు లేదు. ఇది చూశాక మూడో సీజన్‌లోని "ది ఆఫ్‌స్ప్రింగ్"కు వెళ్లండి. అందులో డేటా తనకొక కూతుర్ని తయారు చేసుకుంటాడు. నాకు తెలిసి తండ్రీకూతుళ్ల మీద తీసిన కథల్లో అంత సూటిగా గుండెకు తగిలేవి తక్కువ.

డేటా నచ్చినవాళ్లకు డాక్టర్

1995 నుంచి 2001 వరకు వచ్చిన "వాయేజర్" సిరీస్‌లో డాక్టర్ ఒక హోలోగ్రామ్, అంటే కాంతితో కూర్చిన మనిషి రూపం. అత్యవసర సమయంలో కాసేపు వాడుకోవడానికి రాసిన ప్రోగ్రామ్. మొదటి ఎపిసోడ్‌లోనే నౌక ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. అసలు వైద్యుడు చనిపోతాడు. కాసేపటికి వచ్చిన ప్రోగ్రామ్ ఏళ్ల తరబడి పనిచేయాల్సి వస్తుంది. అతనికి పేరు లేదు. మాట్లాడుతుండగానే అతన్ని ఆపేసి వెళ్లిపోయేవాళ్లుంటారు.

డేటా మనిషి కావాలని మొదటి రోజు నుంచీ కోరుకున్నాడు. డాక్టర్ కోరుకోలేదు, తెలియకుండానే అయ్యాడు. డేటాకు గర్వం లేదు, డాక్టర్‌కు బోలెడంత ఉంది. సంగీతం పాడతాడు, తన ప్రతిభ గురించి తనే చెబుతాడు, ఎవరూ మెచ్చుకోకపోతే ఉడుక్కుంటాడు. రాబర్ట్ పికార్డో నటన వల్ల ఆ ఉడుకుమోత్తనం కూడా ముద్దొస్తుంది. హాస్యం కావాలంటే ఐదుగురిలో డాక్టర్‌నే ఎంచుకోండి.

అయితే హాస్యంతోనే సరిపెట్టుకోవద్దు. ఐదో సీజన్‌లో "లేటెంట్ ఇమేజ్" చూడండి. తన జ్ఞాపకాల్లో కొంత భాగాన్ని ఎవరో తుడిచేశారని డాక్టర్‌కు తెలుస్తుంది. ఒకేసారి ఇద్దరు గాయపడితే, ఒక్కరినే కాపాడే సమయం ఉంటే, ఆ ఒక్కరినీ స్నేహం చూసి ఎంచుకుంటే అది వైద్యమా, పక్షపాతమా? ఈ ప్రశ్న అతని ప్రోగ్రామ్‌ను చీల్చేస్తుంది. మనకు అపరాధభావం కలిగితే కాలం మాన్పుతుందంటాం. ఇక్కడ కెప్టెన్ చేతిలో తుడిచేసే బటన్ ఉంది. కాలానికి వదిలేయాలా, బటన్ నొక్కాలా అన్నదే కథ. నా లెక్కలో యంత్రానికి మనసుంటుందా అన్న ప్రశ్నకు డేటా కథల కంటే ఇది ఒక అడుగు ముందుకు వేసింది. డేటా విషయంలో హక్కు ఉందా లేదా అని అడిగారు. ఇక్కడ బాధపడే హక్కు ఉందా అని అడిగారు.

సెవెన్: ఒప్పుకోని మనిషి

అదే వాయేజర్‌లో నాలుగో సీజన్ మొదట్లో, 1997లో, సెవెన్ ఆఫ్ నైన్ వస్తుంది. అసలు పేరు అనికా హాన్సెన్. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులతో పాటు బోర్గ్‌లకు చిక్కింది. బోర్గ్‌లు ఎదుటివాళ్లను తమలో కలిపేసుకునే జాతి. వాళ్లకు విడివిడి మనసులుండవు, అందరి ఆలోచనలూ ఒక్కటే. ఆమె పెరిగింది ఆ గుంపులోనే. కెప్టెన్ జేన్‌వే ఆమెను గుంపు నుంచి విడదీసి మనిషిగా మార్చాలనుకుంటుంది. సెవెన్ వద్దంటుంది. తిరిగి పంపెయ్యమంటుంది. జేన్‌వే పంపదు.

ఇక్కడ నాకు మిగతా నలుగురి కథల్లో లేని ఇబ్బంది ఉంటుంది. ఒకరి మంచి కోసమే అయినా, వాళ్లు వద్దంటుంటే వాళ్లను మార్చేయొచ్చా? నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్ "ది గిఫ్ట్"లో సెవెన్ ఈ మాటే అంటుంది: మాకు ఇష్టం లేకుండా మీరు నిర్ణయిస్తే మీకూ బోర్గ్‌లకూ తేడా ఏముంది? జేన్‌వే దగ్గర జవాబుంది. ఆరేళ్ల పిల్లకు అప్పుడు ఎంచుకునే అవకాశమే దొరకలేదు, కాబట్టి ఇప్పుడామె అనుకునేది తన సొంత ఇష్టం కాదు అంటుంది. ఆ జవాబును నేను ఎన్నిసార్లు విన్నా పూర్తిగా ఒప్పుకోలేను, పూర్తిగా తోసిపుచ్చనూ లేను.

జెరీ రయన్ నటన ఈ సిరీస్‌ను నిలబెట్టింది. ముఖంలో కండరం కదలకుండా భయాన్ని చూపించగలదు. ఆమెకు ఇచ్చిన ఒంటికి అతుక్కున్న దుస్తులు మాత్రం పాత్రకు జరిగిన అన్యాయం. అవి సెవెన్ కోసం కుట్టినవి కావు, చూసేవాళ్ల కళ్ల కోసం కుట్టినవి. చిన్న వయసులో ఏదైనా కఠినమైన కట్టుబాటులో పెరిగి బయటికి వచ్చినవాళ్లు, మంచిదైనా సరే కొత్త జీవితంలో ఊపిరాడనివాళ్లు సెవెన్‌ను తప్పకుండా చూడండి. మూడో సీజన్ చివర, నాలుగో సీజన్ మొదట వచ్చే "స్కార్పియన్" రెండు భాగాలతో మొదలుపెట్టండి. "ది గిఫ్ట్" చూశాక, నాలుగో సీజన్ చివర్లో వచ్చే "వన్" దాకా వెళ్లండి. గుంపులో లక్షల గొంతుల మధ్య పెరిగిన మనిషి నెల రోజులు నౌకలో దాదాపు ఒంటరిగా ఉండాల్సి వచ్చే కథ అది. అంతకు ముందున్న మూడు సీజన్లు తర్వాత చూసుకోవచ్చు. ఆమె కథ అక్కడితో ఆగలేదు. 2020 నుంచి 2023 వరకు వచ్చిన "పికార్డ్" సిరీస్‌లో నడివయసు సెవెన్ ఉంది, ఆ కాలం ఆమె ముఖం మీద కనిపిస్తుంది.

ఓడో: మనిషి కావాలని లేనివాడు

ఇక నా మనిషి. 1993 నుంచి 1999 వరకు వచ్చిన "డీప్ స్పేస్ నైన్"లో రెనె ఓబెర్‌జనోవా చేసిన ఓడో. ఒక అంతరిక్ష స్థావరంలో భద్రతాధికారి. అసలు రూపం ద్రవం. ఏ ఆకారంలోకైనా మారగలడు గానీ మనిషి ముఖం సరిగ్గా కుదరదు. ముక్కు, చెవులు పూర్తిగా తీర్చిదిద్దని మట్టిబొమ్మలా ఉంటాయి. రోజుకొకసారి ద్రవంగా మారి విశ్రాంతి తీసుకోవాలి. అందుకు అతని దగ్గర ఒక బకెట్ ఉంటుంది. ఎవరికీ చెందని వస్తువుగా దొరికాడు, ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త చేతిలో నమూనాగా పెరిగాడు. ఓడో అన్న పేరు కూడా తెలియని నమూనా అని సీసా మీద రాసిన మాటల నుంచే వచ్చింది.

ఓడోకు మనిషి కావాలని లేదు. తనవాళ్లు ఎవరో తెలుసుకోవాలని ఉంది. మూడో సీజన్ మొదట్లోనే తెలుస్తుంది కాబట్టి ఇది దాచను: తనవాళ్లు దొరుకుతారు. వాళ్లే శత్రువులు. తాను కాపాడుతున్నవాళ్లను జయించడానికి వస్తున్న సామ్రాజ్యానికి అధిపతులు వాళ్లే. ఇల్లు కోసం జీవితమంతా వెతికినవాడికి దొరికిన ఇల్లు అది. కన్నవాళ్లా, చేరదీసినవాళ్లా అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. కర్ణుడి దగ్గర నుంచీ వింటూనే ఉన్నాం. అయితే కర్ణుడికి ఆ నిజం యుద్ధం ముంగిట్లో తెలిసింది. ఓడో ఐదు సీజన్ల పాటు ఆ నిజంతో ఉద్యోగానికి రావాలి, ఫైళ్లు చూడాలి, దొంగల్ని పట్టుకోవాలి.

స్పాక్, డేటా, డాక్టర్ ముగ్గురూ మంచివాళ్లు. వాళ్ల మంచితనం మీద మనకు ఎప్పుడూ సందేహం రాదు. ఓడో విషయంలో వస్తుంది. న్యాయం అంటే ప్రాణమనే మనిషి, కార్డాసియన్లు బజోర్ గ్రహాన్ని ఆక్రమించి ఉన్న రోజుల్లో ఆ ఆక్రమణదారుల కిందే అదే స్థావరంలో పోలీసు పని చేశాడు. అప్పుడు ఎవరికి న్యాయం జరిగింది? సిరీస్ ఈ ప్రశ్నను వదిలిపెట్టదు. ఐదో సీజన్‌లో "థింగ్స్ పాస్ట్" అనే ఎపిసోడ్‌లో దానికి జవాబు చెప్పుకోవాల్సిన రోజు అతనికి వస్తుంది. ఆరో సీజన్ మొదట్లో స్నేహితులకు అతను చేసే నష్టం చూసి నేను నిజంగా కోపం తెచ్చుకున్నాను. మళ్లీ చూసినప్పుడు, అంతటి ఒంటరితనం తర్వాత తనవాళ్ల స్పర్శ దొరికితే నేనైనా ఏం చేసేవాణ్ణో చెప్పలేకపోయాను. మిగతా నలుగురిలో ఎవరూ నన్ను ఆ స్థితిలోకి తీసుకెళ్లలేదు. నా ఓటు ఓడోకు పడటానికి కారణం ఇదే.

కిరాతో అతని స్నేహం, క్వార్క్‌తో అతని గొడవ కూడా చెప్పాలి. కిరా నెరీస్ ఆక్రమణకు ఎదురు తిరిగి పోరాడిన బజోర్ స్త్రీ, ఆమెకు ఓడో గతం అడ్డం. బార్ నడిపే క్వార్క్ ఎప్పుడూ ఏదో ఒక మోసంలో ఉంటాడు, ఓడో అతన్ని పట్టుకోవాలని చూస్తుంటాడు. ఆ పట్టుకునే ఆటలో ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో ఇద్దరూ ఒప్పుకోరు.

ఇబ్బంది ఏమిటంటే ఓడో ఒక్క ఎపిసోడ్‌లో అర్థమయ్యేవాడు కాదు. డేటాను ఒక రాత్రిలో ప్రేమించవచ్చు, ఓడోకు నెలలు పడతాయి. ముందు రుచి చూడాలంటే రెండో సీజన్‌లోని "నెసెసరీ ఈవిల్" సరైనది. ఆక్రమణ రోజుల్లో ఓడో చేతికి వచ్చిన మొదటి హత్య కేసు, ఐదేళ్ల తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది. డిటెక్టివ్ కథలా సాగి, చివరికి వచ్చేసరికి ఇద్దరు స్నేహితుల మధ్య ఉన్న నమ్మకం మీదికి వెళ్తుంది.

ఈ ఐదుగురూ నప్పకపోతే

వర్ఫ్ ఉన్నాడు. మనుషుల ఇంట పెరిగిన క్లింగన్, అంటే యోధుల జాతివాడు. మైకేల్ డోర్న్ ఈ పాత్రను మూడు సిరీస్‌ల్లో చేశాడు. గౌరవం, వంశం, తండ్రి పరువు లాంటి కథలు ఇష్టమైతే చూడండి. డీప్ స్పేస్ నైన్‌లోనే గారక్ ఉన్నాడు. సొంత దేశం వెళ్లగొట్టిన గూఢచారి, దర్జీ పని చేసుకుంటూ అందరితో తియ్యగా అబద్ధాలు చెబుతుంటాడు. మంచివాడా చెడ్డవాడా అని తేల్చకుండా ఉంచే పాత్రలు ఇష్టమైతే, ఓడో పుణ్యమా అని గారక్ కూడా దొరుకుతాడు. 2017లో మొదలైన "డిస్కవరీ"లో సారు ఉన్నాడు. వేటాడబడే జాతిలో పుట్టి, ప్రతి క్షణం భయంతో బతకడం అలవాటైనవాడు. సిరీస్ మొత్తం నాకంతగా నచ్చలేదు గానీ, టెన్షన్‌తో బతికేవాళ్లకు సారు దగ్గరివాడిలా అనిపిస్తాడు.

సమయం సంగతి కూడా ఆలోచించండి. నెక్స్ట్ జనరేషన్, డీప్ స్పేస్ నైన్, వాయేజర్ మూడూ ఏడేసి సీజన్లు. ఒక్కోదానిలో 170 పైచిలుకు ఎపిసోడ్‌లు, ఒక్కోటి ముప్పావు గంట. వారానికి ఒకటో రెండో చూసేవాళ్లకు డేటా, డాక్టర్ నయం. మధ్యలో వదిలేసి నెల తర్వాత వచ్చినా ఏమీ తప్పిపోదు. ఓడో కథ ముందుకెళ్లే కొద్దీ ఒకదానికొకటి ముడిపడుతుంది కాబట్టి వరసగా చూడగలిగే రోజుల్లో పెట్టుకోండి. ఇద్దరు కలిసి చూస్తుంటే, అందులో ఒకరికి సైన్స్ ఫిక్షన్ అంటే ఆసక్తి లేకపోతే, ముందు "ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" పెట్టండి. నౌకల గురించి ఏమీ తెలియకపోయినా ఆ కథ అర్థమవుతుంది.

ఓడోను ఎంచుకున్నవాళ్లు మూడో సీజన్ "ది అబాండన్డ్" దగ్గరకు వచ్చినప్పుడు ఒక చిన్న దృశ్యం తప్పిపోకుండా చూడండి. ఓడో మొదటిసారి తనకంటూ ఒక గది తీసుకుంటాడు. మనుషుల గదిలా ఉండదు, తనకు నచ్చిన ఆకారాల్లోకి మారడానికి వీలుగా అమర్చుకుంటాడు. కొత్త ఇల్లు చూడటానికి కిరా ఒక మొక్క తీసుకుని వస్తుంది. ఇక అవసరం లేని ఆ పాత బకెట్ ఒక పక్కన ఉంటుంది. మొక్క అందులోకి చేరుతుంది.